ఊఁ ఆగిన చోటు



మీ చిన్నప్పుడు మీకు కథలు చెప్పిన మనిషిని ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. అమ్మమ్మ కావచ్చు, నాయనమ్మ కావచ్చు, పక్కింటి తాతయ్య కావచ్చు. కథ మొదలుపెట్టే ముందు వాళ్లొక షరతు పెట్టేవాళ్లు. "ఊఁ కొట్టాలి మరి. ఊఁ కొట్టకపోతే చెప్పను" అనేవాళ్లు. మనం ఊఁ కొట్టేవాళ్లం. మన ఊఁ ఆగితే కథ కూడా ఆగేది. చీకట్లో మన మొహం కనపడకపోయినా వాళ్లకు తెలిసిపోయేది. పిల్లాడు నిద్రలోకి జారాడా, భయపడ్డాడా, అర్థంకాక దిక్కులు చూస్తున్నాడా, అన్నీ ఆ ఊఁలోనే దొరికేవి.

ఈ పూట నేను మాట్లాడేది ఆ ఊఁ గురించే. ముఖ్యంగా నాలాగా మొదటి నవల రాసుకుంటున్నవాళ్ల కోసం. అందులోనూ మన జానపద కథల్లోంచి మాయలు, మంత్రాలు, రాక్షసులు తెచ్చుకుని నవల అల్లుకుంటున్నవాళ్ల కోసం. నేను చెప్పేది ఒక్కటే. రాసింది దిద్దుకోవాలంటే, ఊఁ కొట్టే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని పైకి చదవండి. ఊఁ ఎక్కడ ఆగిందో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టండి.

నేను అమీర్‌పేటలో ఒక లేడీస్ హాస్టల్లో ఉంటాను. మైత్రీవనం చుట్టుపక్కల సందులు మీలో చాలామందికి తెలిసే ఉంటాయి. జిల్లాల నుంచి బస్సు దిగిన పిల్లలు కంప్యూటర్ కోర్సు నేర్చుకుని ఉద్యోగం వెతుక్కునే చోటు అది. ఎటు చూసినా బోర్డులే. జావా, పైథాన్, టెస్టింగ్. మెట్రో మెట్లు దిగి రోడ్డు దాటేలోపు చేతిలో నాలుగు కరపత్రాలు పడతాయి. నా ఉద్యోగం పంజాగుట్టలో. మెట్రోలో ఒక్కటే స్టేషన్. ఆఫీసు అయ్యాక చాలా రోజులు రైలెక్కకుండా నడిచే వచ్చేదాన్ని. ఫ్లైఓవర్ కింద హారన్ల మధ్య నడుస్తూ మనసులో అధ్యాయాలు కట్టుకునేదాన్ని. అలా రెండేళ్లు రాస్తే 400 పేజీలయ్యాయి.

కథ ఏమిటంటే, ఒక మంత్రగాడు. అతని ప్రాణం అతని ఒంట్లో ఉండదు. ఏడు సముద్రాల అవతల ఒక దీవిలో, పంజరంలో ఉన్న చిలకలో ఉంటుంది. ఒక కుర్రాడు ఆ చిలకను వెతుక్కుంటూ బయల్దేరతాడు. ఇది నేను పుట్టించింది కాదని మీకు అర్థమయ్యే ఉంటుంది. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం అలాంటి చిలకలోనే ఉంటుంది. మన దగ్గరే కాదు, రష్యావాళ్ల కథల్లో కోషెయ్ అని ఒకడున్నాడు. వాడి చావు సూదిలో ఉంటుంది. ఆ సూది గుడ్డులో, గుడ్డు బాతులో, బాతు కుందేలులో, కుందేలు పెట్టెలో. ప్రపంచంలో ఇన్నిచోట్ల ఈ ఊహ ఉంది కాబట్టే, స్టిత్ థాంప్సన్ అనే అమెరికన్ పరిశోధకుడు జానపద కథల ముడిసరుకునంతా జాబితా రాసినప్పుడు దీనికి ఒక నంబరు కూడా ఇచ్చాడు. E710. ప్రాణం ఒంటి బయట ఉండటం.

ఇంత పేరున్న ఊహను తీసుకున్నాను కదా, ఇంక కథ దానంతటదే నడుస్తుందని నేను నమ్మాను. దిద్దడం అంటే అచ్చుతప్పులు చూసుకోవడమే అనుకున్నాను. అది నిజం కాదని నాకు తెలియజెప్పింది ఒక్క ప్రశ్న. ఆ ప్రశ్న దగ్గరకు వస్తాను. దానికి ముందు ఇంకో మాట చెప్పాలి.

రాయడం పూర్తవగానే దిద్దడానికి కూర్చోకండి. మన ఇళ్లలో ఆవకాయ కలిపి జాడీలో పెట్టాక ఏం చేస్తాం? మూడోరోజు దాకా ముట్టుకోం. మూడోరోజు మూత తీసి, అడుగు నుంచి తిరగకలిపి, అప్పుడు ఉప్పు చూస్తాం. కలిపిన రోజే నోట్లో వేసుకుంటే కారం కారంగానే ఉంటుంది, ఉప్పు ఉప్పుగానే ఉంటుంది, ముక్క ముక్కగానే ఉంటుంది. ఊట దిగాలి. నవలకు మూడు రోజులు చాలవు. నేను ఆ కాగితాల కట్టను రెండు నెలలు మంచం కింద సూట్‌కేసులో పెట్టాను. రెండు నెలల తర్వాత తీస్తే, అది నేను రాసినట్టు కాకుండా ఎవరో రాసినట్టు కనపడింది. అప్పుడే ఒక మనిషిని పిలవాలనిపించింది.

ఆ మనిషి నా రూమ్మేట్. జగిత్యాల వైపు అమ్మాయి. టెస్టింగ్ కోర్సు చేస్తోంది. నవలలు చదివే అలవాటు లేదు. కానీ ఇంట్లో నాయనమ్మ దగ్గర కథలు విన్న పిల్ల. మన పనికి కావలసింది అలాంటి మనిషే. సాహిత్యం తెలిసినవాళ్లు మన మీద గౌరవంతో ఊఁ కొడతారు. కథలు వినే అలవాటు ఉన్నవాళ్లు కథ మీద ఆశతో ఊఁ కొడతారు.

ఒక ఆదివారం సాయంత్రం. హాస్టల్ మేడ మీద బట్టలు ఆరేసిన తీగల కింద చాప వేసుకున్నాం. మా హాస్టల్లో వంట చేసే పెద్దమ్మ మర్నాటి పచ్చడికి రెండు కట్టల గోంగూర తెచ్చి మధ్యలో పోసింది. వాళ్లిద్దరూ ఆకు గిల్లుతున్నారు. నేను చదువుతున్నాను. ఒక చేతిలో కాగితాలు, ఇంకో చేతిలో పెన్సిల్.

మొదటి పది పేజీలు ఊఁ బాగానే వినపడింది. పదకొండో పేజీలో మంత్రగాడి చిలక వచ్చింది. పగడపు ముక్కు, బంగారు పంజరం, మూడు వందల ఏళ్లుగా ఆ దీవిలో ఒంటరిగా ఉన్న చిలక. నేను ఆ వర్ణన మీద వారం రోజులు కష్టపడ్డాను. అక్కడ ఊఁ ఆగింది.

తలెత్తి చూశాను. ఆ అమ్మాయి చేతిలో గోంగూర కాడ అలాగే ఉంది.

"అక్కా, మరి ఆ చిలకకు గింజలు ఎవరేస్తరు?" అంది.

నాకు నోటిదాకా సమాధానం వచ్చేసింది. అది మాయచిలకమ్మా, దానికి తిండి అక్కర్లేదు, అని. ఆ మాట మింగేశాను. శ్రోతలారా, ఇక్కడ ఒక నియమం పెట్టుకోండి. ఊఁ ఆగినప్పుడు మీరు వాదించకండి, వివరించకండి, సర్దిచెప్పకండి. గీత పెట్టి ముందుకు వెళ్లిపోండి. రేపు మీ పుస్తకం కొన్న మనిషి పదకొండో పేజీలో ఆగిపోతే, మీరు వెళ్లి వాళ్ల పక్కన కూర్చుని సమాధానం చెప్పలేరు కదా. నేను గీత పెట్టాను. పక్కన ఒక్క మాట రాసుకున్నాను. గింజలు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కోషెయ్ సూదికి తిండి అక్కర్లేదు. మన చిలకకు కావాలి. మనవాళ్లు ప్రాణాన్ని రాయిలోనో ఇనుములోనో పెట్టకుండా ప్రాణమున్న పిట్టలో పెట్టారు. పిట్ట అన్నాక ఆకలి ఉంటుంది, దాహం ఉంటుంది, పంజరం కడగాలి. అంటే ఆ దీవిలో ఎవరో ఉన్నారు. రోజూ పొద్దున లేచి మంత్రగాడి ప్రాణానికి గింజలు వేస్తున్న మనిషి ఒకరున్నారు. మూడు వందల ఏళ్లంటే ఒక్క మనిషి కాదు, ఒక వంశం. తల్లి తర్వాత కూతురు. ఇప్పుడు ఆ పని పద్నాలుగేళ్ల పిల్ల చేతికి వచ్చింది. ఆ పిల్లకు లోకంలో ఉన్న ఒక్క నేస్తం ఆ చిలక. మా కుర్రాడేమో దాని మెడ విరవడానికి వస్తున్నాడు.

చూశారా. నా నవల అక్కడుంది. రెండేళ్లు రాసిన 400 పేజీల్లో ఆ పిల్ల లేదు. ఒక్క ఊఁ ఆగితే వచ్చింది.

మళ్లీ చెప్తున్నాను. ఊఁ కొట్టే మనిషికి పైకి చదవండి. ఊఁ ఆగిన చోట గీత పెట్టండి. వాదించకండి.

ఇది నేను కనిపెట్టిన పద్ధతి కాదు. మన కథ చెప్పే కళలన్నీ దీనిమీదే నిలబడ్డాయి. బుర్రకథ తీసుకోండి. నడుమ తంబురా పట్టుకున్న కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలు వాయిస్తూ ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. వాళ్లు ఊరికే తాళం వేయడానికి నిలబడరు. జనం మనసులో మెదిలే అనుమానాన్ని జనం కంటే ముందు వాళ్లు అడుగుతారు. కథకుడు జవాబు చెప్పి గానీ ముందుకు కదలడు. కాశీమజిలీ కథలు తీసుకోండి. మధిర సుబ్బన్న దీక్షితులు గారు రాసిన ఆ 12 భాగాల పుస్తకమంతా దేనిమీద నడిచింది? కాశీకి పోయే మణిసిద్ధుడి వెంట వస్తానన్న పశులకాపరి కోటప్ప ఒక షరతు పెట్టాడు. దారిలో ప్రతి మజిలీలో నాకు వింతగా కనిపించిన దాని గురించి అడుగుతాను, నువ్వు దాని కథ చెప్పాలి, అని. అంటే అంత పెద్ద పుస్తకాన్ని నడిపించేది ఆ వినేవాడి ప్రశ్నే. రాసుకునేటప్పుడు మనమంతా మణిసిద్ధుడి చోట కూర్చుంటాం. దిద్దుకునేటప్పుడు కోటప్ప కావాలి.

ఆ కాశీమజిలీ కథల్లోంచే విత్తనం తీసుకుని 1951లో పాతాళభైరవి సినిమా వచ్చింది. పింగళి నాగేంద్రరావు గారు రాశారు, కె.వి. రెడ్డి గారు తీశారు. ఆ కథను ఊఁ కొడుతూ విని చూడండి. కోరినవన్నీ ఇచ్చే దేవత ఉంటే నేపాళ మాంత్రికుడు తానే వెళ్లి వరం అడగొచ్చు కదా, కథానాయకుడు తోటరాముడు ఎందుకు? వినేవాడికి ఈ అనుమానం రాకముందే కథ జవాబు చెప్పేస్తుంది. ఆ దేవతకు సాహసవంతుడైన యువకుడి బలి కావాలి. మాయకు ఒక ఖరీదు పెట్టారు. ఖరీదు ఉంది కాబట్టి మాంత్రికుడికి తోటరాముడు కావాలి, తోటరాముడికి మాంత్రికుడి వల్ల ప్రమాదం ఉంది. మొత్తం కథ ఆ ఖరీదు లోంచే వచ్చింది. నా నవలలో మాయలకు ఖరీదు లేదు. మంత్రం చదివితే పని అయిపోయేది. అలాంటి చోట్లన్నిట్లో మా రూమ్మేట్ ఊఁ మెల్లగా పలచబడిందని నా గీతలు చెప్పాయి.

చందమామ పేరు చెప్పకుండా ఈ మాటలు ముందుకు సాగవు. కొడవటిగంటి కుటుంబరావు గారు 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ఆ పత్రికలో పనిచేశారు. బయటినుంచి వచ్చిన కథల్ని ఆయన పిల్లల చెవికి తగ్గట్టు తిరగరాసేవారు. అంత పెద్ద రచయిత ఇతరుల కథల్ని దిద్దడానికి తన జీవితంలో అంత కాలం ఇచ్చారంటే, దిద్దడం చిన్న పని కాదు. అదే పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం గారు 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి వరసగా సీరియల్స్ రాశారు. రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం. నెలకు కొన్ని పేజీలే. మధ్యలో ముప్ఫై రోజుల ఎడం. పిల్లల ఊఁ ఆ ముప్ఫై రోజులూ నిలబడాలి. జానపద నవల రాసేవాళ్లు ఆ సీరియల్స్‌లో ఒకదాన్ని తీసుకుని పైకి చదివి చూడండి. వాక్యం ఎంత పొట్టిగా ఉంటుందో మీ ఊపిరికే తెలుస్తుంది.

ఊపిరి అన్నాను కాబట్టి చెప్తున్నాను. పైకి చదివితే వినేవాళ్ల చెవే కాదు, మన నాలుక కూడా చెప్తుంది. నా కథలో రాజ్యం పేరు మొదట పది అక్షరాలుండేది. చదివిన ప్రతిసారీ నాలుక మడతపడింది. మూడోసారి తడబడ్డాక పెద్దమ్మ "ఏ ఊరు బిడ్డా అది?" అంది. ఇప్పుడా ఊరి పేరు మూడక్షరాలు.

ఇక్కడ ఒక జాగ్రత్త. గీత పడిన చోటే తప్పు ఉందనుకోకండి. మీ ఇంట్లో వానాకాలం స్లాబు కారితే నీటిచుక్క హాల్లో పడుతుంది. పగులు మాత్రం ఎక్కడో బాత్రూం మీద ఉంటుంది. నీళ్లు స్లాబులోపల పాకి పాకి వచ్చి పల్లం దొరికిన చోట కారతాయి. చుక్క పడే చోట సిమెంటు రాస్తే లాభం లేదు. నా తొమ్మిదో అధ్యాయంలో వరసగా అయిదు గీతలు పడ్డాయి. ఆ అధ్యాయాన్ని మూడుసార్లు తిరగరాశాను. మళ్లీ చదివితే మళ్లీ అక్కడే ఊఁ నీరసపడింది. వెనక్కి వెళ్లి చూస్తే, ఏడో అధ్యాయంలో ఆ రాజ్యం పూర్వచరిత్ర ఆరు పేజీలు ఉంది. వినేవాళ్లు అక్కడ మర్యాదకు ఓపికపట్టారు. ఆ ఓపిక తొమ్మిదో అధ్యాయంలో అయిపోయింది. ఆరు పేజీల్ని ఆరు వాక్యాలు చేశాను. తొమ్మిదో అధ్యాయాన్ని ముట్టుకోలేదు. అయిదు గీతల్లో నాలుగు పోయాయి.

ఇంకో జాగ్రత్త, ఇది ఇంకా ముఖ్యం. ఊఁ ఆగడం రెండు రకాలు. విసుగొచ్చి ఆగుతుంది. లీనమై కూడా ఆగుతుంది. చెవికి రెండూ ఒకేలా ఉంటాయి. తేడా పట్టుకోవాలంటే చేతులు చూడండి. గోంగూర గిల్లే చేతులు ఆగిపోతే, వాళ్లు కథలో ఉన్నట్టు. చేతుల వేగం పెరిగితే, వాళ్లు వంటింట్లోకి వెళ్లిపోయినట్టు. ఒక్కోసారి ఊఁ ఊఁ అని నోరు అంటూనే ఉంటుంది, చేతులు మాత్రం త్వరగా ముగించాలని చూస్తుంటాయి. అందుకే ఊరికే కూర్చుని వినే మనిషికంటే, చేత్తో ఏదో పని చేసుకుంటూ వినే మనిషి మంచిదంటాను. చిక్కుళ్ల ఈనెలు తీస్తున్నా సరే, బట్టలు మడతపెడుతున్నా సరే.

ఇప్పుడు చెప్పబోయే గీత మాత్రం వేరే రకం.

అమీర్‌పేటను ఆనుకునే బల్కంపేట. మా హాస్టల్ నుంచి నడిచి వెళ్లేంత దూరం. అక్కడ ఎల్లమ్మ తల్లి నేలమట్టానికి దిగువన, బావిలో కొలువై ఉంటుంది. ఆ నీటినే తీర్థంగా తీసుకుంటారు. ఆషాఢంలో అమ్మవారి కల్యాణానికి ఆ రోడ్లన్నీ జనంతో నిండిపోతాయి. మొదటిసారి వెళ్లినప్పుడు నా ఒళ్లు జలదరించింది. ఇంత నగరం మధ్యలో, నేల కింద తల్లి. ఇంటికొచ్చి అదే రాశాను. నా కథలో కుర్రాడు ఒక బావిలోకి దిగుతాడు, ఎల్లమ్మ తల్లి నీళ్లలోంచి లేచి అతని చేతికి మంత్రఖడ్గం ఇస్తుంది. నా లెక్కలో అది నవలకే గొప్ప ఘట్టం.

అది చదువుతుంటే పెద్దమ్మ ఊఁ ఆగింది. చేతులు ఆగలేదు, వేగం పెరగలేదు. తల మాత్రం వంచుకుంది. ఆమె ఏటా ఎల్లమ్మకు బోనం ఎత్తే మనిషి. చాలాసేపటికి అంది, "అమ్మ అట్ల చెయ్యదు బిడ్డా. అమ్మ అడిగినోళ్లకు కత్తులియ్యదు."

కోపం లేదు. తప్పుపట్టడం లేదు. తనకు తెలిసిన మనిషి గురించి ఎవరో తెలియనివాళ్లు మాట్లాడితే సరిదిద్దినట్టు ఉంది.

మనం జానపదం అని పుస్తకాల్లో రాసే మాటలో రెండు వేరువేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. పేదరాశి పెద్దమ్మ, మాయల ఫకీరు, ప్రాణచిలక, ఇవి కథలోవి. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. తరతరాలుగా మార్చుకుంటూనే వచ్చారు. ఎల్లమ్మ అలా కాదు. బైండ్లవాళ్లు జమిడిక వాయించి పాడే ఆమె కథ పెద్దమ్మ లాంటివాళ్లకు కథ కాదు, అమ్మ చరిత్ర. ఆ రెండో రకాన్ని ముట్టుకోకూడదని నేను అనను. ముట్టుకునే ముందు ఆ నమ్మకం ఉన్న మనిషికి ఎదురుగా కూర్చుని పైకి చదవగలగాలి అంటాను. బిరుదురాజు రామరాజు గారు విశ్వవిద్యాలయంలో కూర్చుని జానపద గేయాల మీద సిద్ధాంత గ్రంథం రాయలేదు. పల్లెలు తిరిగారు, పాడేవాళ్ల ముందు కూర్చుని విన్నారు. ఆ పుస్తకం 1958లో వచ్చింది. మనకు అంత తిరుగుడు సాధ్యం కాకపోవచ్చు. వంటింటి దాకా వెళ్లడం సాధ్యమే.

ఆ ఘట్టం తీసేశాను. బావి ఉంచాను. బావిలో ఎవరున్నారో నా కుర్రాడికి తెలియదు. దిగేముందు చెప్పులు విప్పి, నీళ్లకు దణ్ణం పెడతాడు. ఒక దోసెడు తాగి పైకి వస్తాడు. కత్తి లేదు. పెద్దమ్మకు మళ్లీ చదివి వినిపిస్తే ఊఁ అంది. ఆ ఊఁ కోసం నేను మూడు వారాలు పడ్డ కష్టం నాకు ఏమీ అనిపించలేదు.

మీరు ఈ పని మొదలుపెడితే, రోజుకు పది పేజీలు దాటకండి. వినేవాళ్లకూ పనులుంటాయి. టీ మీరే పెట్టండి. చదివిన రోజే దిద్దకండి, మర్నాడు పొద్దున గీతలు చూసుకోండి. ఒకే మనిషి గీతలతో తొందరపడి పెద్ద మార్పులు చేయకండి. ఇద్దరి దగ్గర ఒకే చోట ఊఁ ఆగితే, ఇక అనుమానం లేదు. ఫోన్లో రికార్డు చేసుకుంటే ఇంకా మంచిది. తర్వాత వింటే మన గొంతులోనే తెలుస్తుంది, ఎక్కడ మనకే నమ్మకం లేక గబగబా చదివేశామో.

నా మూడో ప్రతి ఇప్పుడు చివరికొచ్చింది. గింజలు వేసే పిల్ల ఇప్పుడు రెండో అధ్యాయం నుంచే ఉంది. ఆఖరి అధ్యాయంలో ఒకప్పుడు పెద్ద యుద్ధం ఉండేది. ఇప్పుడు ఆ పిల్ల పంజరం తలుపు మీద చెయ్యి పెట్టి నిలబడి ఉంటుంది, ఎదురుగా కుర్రాడు ఉంటాడు. ఇద్దరూ మాట్లాడుకుంటారు. అంతవరకే చదివాను. పోయిన ఆదివారం అక్కడికి వచ్చేసరికి గోంగూర అయిపోయింది, చీకటి పడింది, తీగ మీద బట్టలు ఎవరూ తియ్యలేదు.

మిగిలిన ఎనిమిది పేజీలు ఈ ఆదివారం చదవాలి. ఈలోగా మా రూమ్మేట్‌కు ఉద్యోగం వచ్చింది. శుక్రవారం రాత్రి బస్సుకు బెంగళూరు వెళ్లిపోతోంది. ఎలా మరి అన్నాను. ఫోన్ స్పీకర్లో పెట్టుకుని వింటానంది.

"సిగ్నల్ పోయి ఊఁ వినరాకుంటే నిద్రపోయిన్ననుకోకు అక్కా. నువ్వు చదువుతనే ఉండు" అంది.